హైపేషియా ఏ లెక్క చేసింది? తోటి లెక్కల టీచర్లకు బహిరంగ లేఖ

తోటి లెక్కల టీచర్లకు, స్కూళ్ళలో గణిత క్లబ్బులు నడిపేవాళ్ళకు, గోడపత్రికల కోసం పిల్లల చేత శాస్త్రవేత్తల బొమ్మలు వేయించే అందరికీ నమస్కారం.

నేను ఒక పల్లెటూరి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మార్చి 8న అసెంబ్లీలో ఎవరైనా ఒక మహిళా శాస్త్రవేత్త గురించి మాట్లాడమంటే హైపేషియా గురించి మాట్లాడాను. 1600 ఏళ్ళ కిందట ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో ఉండేదనీ, గొప్ప గణిత శాస్త్రజ్ఞురాలనీ, అల్లరిమూక ఆమెను బండిలోంచి లాగి చంపేసిందనీ చెప్పాను. ఆ చావు గురించి చెప్తుంటే పిల్లలు కదలకుండా విన్నారు. బాగా చెప్పాననే అనుకున్నాను. తర్వాత పీరియడ్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి లేచి, "టీచర్, మరి ఆవిడ ఏ లెక్క చేసింది?" అని అడిగింది.

పైథాగరస్ అంటే సిద్ధాంతం ఉంది. యూక్లిడ్ అంటే స్వీకృతాలున్నాయి. రామానుజన్ అంటే 1729 ఉంది. హైపేషియా అంటే నా దగ్గర ఏమీ లేదు. ఆమె ఎలా చచ్చిపోయిందో పూసగుచ్చినట్టు చెప్పగలిగాను కానీ ఎలా బతికిందో ఒక్క ముక్క చెప్పలేకపోయాను. "రేపు చెప్తానమ్మా" అన్నాను. ఆ రేపు రావడానికి చాలా నెలలు పట్టింది. ఈ లోపు చదివింది, తెలుసుకుంది మీతో పంచుకుందామని ఈ ఉత్తరం. ఒక కోరిక కూడా ఉంది. అది చివర్లో చెబుతాను.

ముందు నేను చేసిన తప్పులు ఒప్పుకుంటాను, ఎందుకంటే మనలో చాలామందిమి ఇవే చేస్తున్నాం. మా గోడ మీద అంటించిన బొమ్మ, పక్కకు తిరిగి, జుట్టు వదిలేసుకుని ఉన్న అందమైన యువతి బొమ్మ, ఆ కాలానిది కాదు. 1908లో అమెరికాలో ఎల్బర్ట్ హబ్బర్డ్ అనే రచయిత ప్రచురించిన వ్యాసం కోసం ఒక చిత్రకారుడు ఊహించి గీసింది. "ఆలోచించే హక్కును కాపాడుకో, అసలు ఆలోచించకపోవడం కంటే తప్పుగా ఆలోచించడమైనా మేలు" అని ఆమె పేరుతో పోస్టర్ల మీద తిరిగే మాట కూడా ఆ వ్యాసంలో పుట్టిందే. ఆమె పేరుతో ఉన్న రచన ఏదీ మనదాకా రాలేదు. ఇక వయసు సంగతి. ఆమె పుట్టింది 350కీ 370కీ మధ్య అని పండితుల అంచనా. చనిపోయింది 415లో. అంటే తక్కువలో తక్కువ నలభై అయిదేళ్ళు, అరవై దాటి కూడా ఉండొచ్చు. మలాలస్ అనే పాత చరిత్రకారుడు ఆమెను ముసలావిడ అనే రాశాడు. మన స్టాఫ్ రూముల్లో కూర్చుని పేపర్లు దిద్దుతున్న సీనియర్ టీచరమ్మల వయసు. నాకైతే ఆ బొమ్మ కంటే ఈ వయసే నచ్చింది.

గ్రంథాలయం తగలబడి ఆ మంటల్లో ఆమె పోయిందని చెప్పేవాళ్ళున్నారు. అది నిజం కాదు. ఒకప్పుడు ఆ గ్రంథాలయానికి శాఖ ఉన్న సెరాపియం అనే గుడిని కూల్చింది 391లో, ఆమె చావుకు 24 ఏళ్ళ ముందు. లోకంలో మొట్టమొదటి మహిళా గణిత శాస్త్రజ్ఞురాలు అనడం కూడా సరికాదు. అదే అలెగ్జాండ్రియాలో, ఆమె కంటే ముందు, పాండ్రోసియన్ అనే ఆవిడ లెక్కలు చెప్పేది. పాపస్ అనే పెద్ద గణితవేత్త తన గ్రంథంలో మూడో భాగాన్ని ఆవిడను సంబోధిస్తూ మొదలుపెట్టాడు, ఆవిడ శిష్యులు చేసిన ఒక జ్యామితి నిర్మాణంలో తప్పు పడుతూ. గ్రీకులో ఆ సంబోధన స్త్రీలింగంలో స్పష్టంగా ఉన్నా, ఆడమనిషి అయ్యుండదులే, రాతలో పొరపాటు పడిందిలే అనుకుని తర్వాతి సంపాదకులు ఆవిడను మగవాణ్ణి చేసేశారు. ఇది చదివిన రోజు నాకు సరిగా నిద్ర పట్టలేదు. బతికుండగా పాఠం చెప్పిన మనిషికి, పోయాక వ్యాకరణంలో కూడా చోటు లేకుండా చేశారు.

ఇక ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు వస్తాను.

హైపేషియా తండ్రి థియాన్. ఆయన కూడా లెక్కల పంతులే. 364లో అలెగ్జాండ్రియా నుంచి ఒక సూర్యగ్రహణాన్ని, ఒక చంద్రగ్రహణాన్ని చూసి సమయాలతో సహా నమోదు చేశాడు. యూక్లిడ్ గ్రంథాన్ని సరిచేసి, అర్థం కానిచోట విడమరిచి, విద్యార్థులకు పనికొచ్చేలా కొత్త ప్రతి తయారు చేశాడు. 1808లో పెయిరార్డ్ అనే ఫ్రెంచి పండితుడు వాటికన్ నుంచి వచ్చిన ప్రతుల్లో అంతకంటే పాత పాఠాన్ని గుర్తించేదాకా, లోకానికి తెలిసిన గ్రీకు యూక్లిడ్ అంతా థియాన్ చేతి మీదుగా వచ్చిందే. మనం తొమ్మిదో తరగతిలో యూక్లిడ్ పాఠం మొదలుపెట్టేటప్పుడు ఈ పంతులు పేరు ఒక్కసారైనా అనుకోవాలి.

ఈయనే టాలెమీ రాసిన ఖగోళ గ్రంథం అల్మజెస్ట్‌కు పెద్ద వ్యాఖ్యానం రాశాడు. అందులో మూడో పుస్తకం మొదట్లో ఒక శీర్షిక ఉంది. "తత్త్వవేత్త అయిన నా కూతురు హైపేషియా చదివి సరిచూసిన ప్రతి" అని దాని సారం. ఆమె సరిచూసింది టాలెమీ మూలాన్నా, తండ్రి వ్యాఖ్యానాన్నా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకు మాత్రం ఆ తండ్రి రాసిన తీరు ముచ్చటేసింది. "నా కూతురు" అని రాసి ఊరుకోలేదు, "తత్త్వవేత్త అయిన" అని రాశాడు. తన పుస్తకంలో ఆ పనికి పేరు పెట్టి మరీ ఆమె ఖాతాలో రాశాడు. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఆమె పని థియాన్ పేరులో కలిసిపోయేది.

ఆ మూడో పుస్తకం సూర్యుడి గమనం గురించి. టాలెమీ లెక్కన సంవత్సరం అంటే 365 రోజులు, దాని మీద రోజులో అరవయ్యో వంతులు 14, ఆ వంతులో మళ్ళీ అరవయ్యో వంతులు 48. ఇది చదవగానే నేను ఆగిపోయాను. రోజులో అరవయ్యో వంతును మనం ఏమంటాం? ఘడియ. దాంట్లో అరవయ్యో వంతు విఘడియ. అంటే 365 రోజుల 14 ఘడియల 48 విఘడియలు. మా తాతయ్య పంచాంగం చూస్తూ పలికే భాషలోనే ఉంది లెక్క. అన్ని రోజుల్లో సూర్యుడు 360 డిగ్రీల చుట్టు పూర్తి చేస్తే, రోజుకు ఎంత నడుస్తాడు? 360ని 365 రోజుల 14 ఘడియల 48 విఘడియలతో భాగించాలి. టాలెమీ జవాబు మాత్రం ఇచ్చి ముందుకు వెళ్ళిపోతాడు. కుర్రవాళ్ళకు కావాల్సింది మధ్యలో మెట్లు. వ్యాఖ్యానం రాసేవాళ్ళు ఆ మెట్లు కట్టేవాళ్ళు.

తర్వాతి వారం ఆ లెక్కను బోర్డు మీద వేశాను. 360లో 365 పోదు కాబట్టి డిగ్రీల చోట సున్నా. డిగ్రీలో అరవయ్యో వంతు కళ, కళలో అరవయ్యో వంతు వికళ. 360ని అరవైతో హెచ్చిస్తే 21,600 కళలు. ఇందులో 59 సార్లు పోతుంది. 59ని 365 రోజుల 14 ఘడియల 48 విఘడియలతో హెచ్చిస్తే 21,549, దాని కింద 33, ఇంకా కింద 12. తీసేస్తే శేషం 50, 26, 48. దాన్ని మళ్ళీ అరవైతో హెచ్చిస్తే 3,026 చిల్లర. అందులో 8 సార్లు పోతుంది. మళ్ళీ శేషం, మళ్ళీ అరవై, ఈసారి 17. అంటే సూర్యుడు సగటున రోజుకు 59 కళలు, 8 వికళలు, ఆ తర్వాత ఇంకా చిల్లర. టాలెమీ ఇలా ఆరు స్థానాల దాకా వెళ్ళాడు. మా పిల్లలు నాలుగో స్థానం 13 దాకా వచ్చి, గంట కొట్టినా లేవలేదు. పౌరోహిత్యం చేసే ఇంటి నుంచి వచ్చిన ఒక అబ్బాయి, 59 కళల 8 వికళలు మా నాన్నకు తెలుసు టీచర్, రవి మధ్యమ గతి అంటారు అన్నాడు. మన సిద్ధాంత గ్రంథాల్లో ఉన్న విలువ అదే.

ఆ మూడో పుస్తకం వ్యాఖ్యానంలో ఇలాంటి భాగహారాన్ని పట్టిక గీసి చేసే పద్ధతి కనిపిస్తుంది. మొదటి పుస్తకంలో తండ్రి చేసిన పద్ధతి వేరు. అందుకే ఈ పట్టిక కూతురి చేతి పని అయ్యుంటుందని కొందరు పరిశోధకుల అభిప్రాయం. అభిప్రాయాన్ని అభిప్రాయంగానే పిల్లలకు చెప్పాను. "అంటే ఆవిడ భాగహారం ఎలా చేస్తే తప్పు రాదో చూపించింది" అంది ఆ అమ్మాయి. నెలల కిందట అడిగిన ప్రశ్నకు జవాబు తనే చెప్పుకుంది.

పదో శతాబ్దపు గ్రీకు నిఘంటువు సూదా ఆమె రచనలు చెబుతుంది. డయోఫాంటస్ అనే గ్రీకు గణితవేత్త గ్రంథానికి వ్యాఖ్యానం, అపోలోనియస్ రాసిన శాంకవాల గ్రంథానికి వ్యాఖ్యానం, ఖగోళ పట్టికల మీద ఒక పని. ఇవేవీ ఆమె పేరుతో ఇప్పుడు దొరకవు. కానీ వ్యాఖ్యానం రాసిన పుస్తకాల సంగతి చూడండి. ఇంటర్‌లో చెప్పే పరావలయం, దీర్ఘవృత్తం, అతిపరావలయం, వీటి గ్రీకు పేర్లు అపోలోనియస్ పెట్టినవి. డయోఫాంటస్ అయితే, ఇచ్చిన వర్గాన్ని రెండు వర్గాలుగా విడగొట్టు అంటాడు. 16 తీసుకుని, అయిదింట పదహారు వంతుల వర్గం, అయిదింట పన్నెండు వంతుల వర్గం అని విడగొట్టి చూపిస్తాడు. వేసి చూడండి, 256 ప్లస్ 144 అంటే 400, దాన్ని 25తో భాగిస్తే 16. 17వ శతాబ్దంలో ఫెర్మా అనే ఫ్రెంచి గణితవేత్త సరిగ్గా ఈ లెక్క పక్కనే మార్జిన్‌లో, వర్గం దాటి పైఘాతాలకు ఇది కుదరదు, నిరూపణ ఉంది కానీ చోటు చాలదు అని రాశాడు. ఆండ్రూ వైల్స్ నిరూపణ 1995లో అచ్చయ్యేదాకా ఆ మార్జిన్ లోకాన్ని నిద్రపోనివ్వలేదు. డయోఫాంటస్ 13 పుస్తకాల్లో గ్రీకులో మిగిలినవి ఆరే. అవి మిగలడానికి కారణం హైపేషియా వ్యాఖ్యానమే అని పాల్ టానరీ అనే ఫ్రెంచి పండితుడు ఊహించాడు. ఊహే, రుజువు లేదు.

"వ్యాఖ్యానమేనా, సొంతంగా ఏం కనిపెట్టలేదా?" అని మన స్టాఫ్ రూములోనే ఒక మాస్టారు అన్నారు. ఆయనకు నేను మల్లినాథ సూరిని గుర్తు చేశాను. మెదక్ దగ్గర కొల్చారం నుంచి వచ్చిన ఆ మహానుభావుడి వ్యాఖ్య చేతిలో లేకుండా ఎంతమంది కాళిదాసును చదివారు? మూలాన్ని తరవాతి తరానికి అందించే పనిని మన దగ్గర ఎవరూ చిన్నదనరు. పైగా మనం రోజూ చేసేది అదే కదండీ. త్రికోణమితిని మనం కనిపెట్టలేదు. అర్థం కాని పిల్లవాడికి అర్థమయ్యే మెట్టు ఎక్కడ వెయ్యాలో కనిపెడతాం. ఆ లెక్కన చూస్తే ఆమె మన వృత్తి మనిషి.

ఎలాంటి టీచరు అన్నదానికి సాక్ష్యం ఆమె శిష్యుడు సైనీసియస్ ఉత్తరాలు. సైరీన్ అనే ఊరి కుర్రవాడు, ఇప్పటి లిబియా ప్రాంతం. అలెగ్జాండ్రియాకు వచ్చి ఆమె దగ్గర చదువుకున్నాడు. ఆమెకు రాసిన ఉత్తరాలు ఏడు మిగిలాయి. కొత్తగా రాసిన పుస్తకాలు పంపి, మీరు బాగుందంటేనే బయట పెడతాను అని ఒక దాంట్లో రాస్తాడు. ఆమె నేర్పినదాంతో ఖగోళ పరికరం ఒకటి తయారు చేయించానని వేరే చోట చెప్పుకుంటాడు. ఒక ఉత్తరంలో హైడ్రోస్కోప్ కావాలి, కంచుతో పోత పోయించి పంపండి అని అడుగుతాడు. అదెలా ఉంటుందో కూడా వర్ణిస్తాడు. వేణువంత పొడవున్న గొట్టం, నిలువునా గాట్లు, అడుగున బరువుకు శంకువు ఆకారం. నీళ్ళలో వేస్తే నిటారుగా నిలబడుతుంది, గాట్లు లెక్కపెట్టి నీటి బరువు తెలుసుకోవచ్చు.

ఈ వర్ణన చదివి వినిపించి, ఇలాంటిది ఎక్కడైనా చూశారా అని అడిగాను. క్లాసు క్లాసంతా "లాక్టోమీటర్" అని అరిచారు. మా ఊళ్ళో పొద్దునా సాయంత్రం పాలకేంద్రం దగ్గర క్యాను మూత తీసి ముందు వేసేది అదే. నీళ్ళు కలిపిన పాలల్లో కిందికి దిగిపోతుంది. మర్నాడు జ్యూస్ తాగే స్ట్రాలు తెప్పించి, అడుగున బంకమట్టి ముద్ద పెట్టి, స్కెచ్ పెన్నుతో గాట్లు పెట్టించాను. మామూలు నీళ్ళ గ్లాసులో ఒకసారి, నాలుగు చెంచాల ఉప్పు కలిపిన నీళ్ళలో ఒకసారి. ఉప్పు నీళ్ళలో రెండు గాట్లు పైకి లేచింది. మట్టి ఎక్కువైన స్ట్రాలు మునిగిపోయాయి, గిల్లి గిల్లి సరిచేసుకున్నారు. అందరి చేతులూ తడి. ఆ రోజు హైపేషియా పేరు ఎవరికీ బట్టీ పట్టించాల్సిన పని పడలేదు.

సైనీసియస్ చివరి ఉత్తరం కూడా వాళ్ళకు చదివాను. అప్పటికి ముగ్గురు కొడుకులూ పోయారు. మంచం మీద పడి ఆ ఉత్తరం చెప్పి రాయించాడు. తల్లీ, తోబుట్టువూ, గురువూ, మేలు చేసిన మనిషీ అని ఆమెను సంబోధించాడు. అంత కష్టంలో గుర్తొచ్చింది లెక్కలు చెప్పిన టీచరు. చదువుతుంటే నా గొంతు పూడుకుపోయింది, మిగతాది లీడరు చేత చదివించాను.

ఇప్పుడు చావు సంగతి. దాన్ని దాచమని నేను అనడం లేదు. అలెగ్జాండ్రియాలో కొత్తగా బిషప్ అయిన సిరిల్‌కూ, రోమన్ గవర్నర్ ఒరెస్టీస్‌కూ నగరం మీద పెత్తనం గురించి పోరు నడిచింది. గవర్నర్ తరచూ హైపేషియాను కలిసి సలహా తీసుకునేవాడు. వాళ్ళిద్దరికీ రాజీ కుదరకుండా అడ్డుపడుతున్నది ఈవిడేనని పుకారు లేచింది. 415 మార్చిలో, ఈస్టర్ ముందు ఉపవాసాల రోజుల్లో, పీటర్ అనే చర్చి పఠకుడి వెనక మూక వచ్చి, ఇంటికి వెళ్తున్న ఆమెను బండిలోంచి లాగి సిజేరియం అనే చర్చికి ఈడ్చుకెళ్ళి పెంకులతో చంపి, శరీరాన్ని కాల్చేసింది. మరి రెండు వందల డెబ్భై ఏళ్ళ తర్వాత జాన్ ఆఫ్ నికియూ అనే బిషప్, ఆమె ఎప్పుడూ మంత్రాలు, ఖగోళ పరికరాలు, సంగీత వాద్యాలతో గడిపేదని నింద వేసి ఆ హత్యను సమర్థించాడు. లెక్కలు కట్టే పరికరాన్ని మంత్రగత్తె సామాను చేశారు. మంత్రాల నెపంతో ఆడవాళ్ళను కొట్టి చంపిన వార్తలు మన పేపర్లలో ఇంకా వస్తున్నాయి కాబట్టి ఈ ముక్క మా పిల్లలకు విడిగా చెప్పాను.

ఇక్కడ మీకో విన్నపం. ఈ హత్యను ఒక మతం మొత్తం మీద వేసే రాయిగా వాడకండి. ఆ దారుణాన్ని మనకోసం రాసిపెట్టిన సోక్రటీస్ స్కొలాస్టికస్ క్రైస్తవ చరిత్రకారుడే. ఈ పని సిరిల్‌కూ, అలెగ్జాండ్రియా చర్చికీ చిన్న మచ్చ కాదని, హత్యలూ కొట్లాటలూ క్రైస్తవానికి సరిపడవని రాశాడు. ఆమె శిష్యుల్లో క్రైస్తవులున్నారు. పైన చెప్పిన సైనీసియస్సే తర్వాత టాలెమైస్ అనే ఊరికి బిషప్ అయ్యాడు. ఆమె క్లాసులో వాళ్ళూ వీళ్ళూ పక్కపక్కన కూర్చున్నారు. నా క్లాసులోనూ అంతే కూర్చుంటారు. ఒకరి తల వంచుకునేలా ఈ కథ చెప్పే హక్కు నాకు లేదనిపించింది.

నా కోరిక ఇది. డిసెంబర్ 22 గణిత దినోత్సవానికి గానీ, మార్చి 8కి గానీ, హైపేషియా పేరు తలుచుకుంటే ఆ రోజు ఒక లెక్క చేయించండి. ఏడు, ఎనిమిది తరగతులైతే స్ట్రా, బంకమట్టి, ఉప్పు చాలు. తొమ్మిది, పది అయితే సూర్యుడి భాగహారం పెట్టండి. పిల్లల ఇంట్లో పంచాంగం ఉంటే తెచ్చుకోమనండి, ఘడియలూ విఘడియలూ అందులోనే చూపించొచ్చు. గోడ మీద ఆ 1908 బొమ్మ తీసేసి, తండ్రి రాసిన ఆ ఒక్క వాక్యం పెద్ద అక్షరాలతో రాయించండి. మా గోడ మీద అదే ఉంది, ఆ అమ్మాయి చేతిరాతతో. పాఠ్యపుస్తకాలు రాసే కమిటీల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, భాగహారం పాఠం చివర ఒక చిన్న పెట్టెలో ఈ లెక్క వేయమని అడుగుతున్నాను. పేరు, పుట్టిన ఏడు, చచ్చిన ఏడు ఇచ్చే పెట్టె మాత్రం వద్దండి, లెక్కే కావాలి.

మా పిల్లలు నాలుగు స్థానాల దాకా వెళ్ళారని చెప్పాను కదా. అయిదోది 12, ఆరోది 31. ఆ రెండూ ఇంకా చేతితో చేసి సరిచూసుకోవాలి, క్యాలిక్యులేటర్ ముట్టుకునేది లేదని వాళ్ళే పంతం పట్టారు. మీ క్లాసులో ఎవరైనా ముందు చేరుకుంటే, శేషాలతో సహా మొత్తం పట్టిక రాసి పంపండి. మా బోర్డు మీద పక్కపక్కన పెట్టి చూస్తాం.

ఇట్లు,
మీ తోటి లెక్కల టీచరు